నీళ్ల మీద మడత చాకు, ప్లయర్ పోకుండా ఎలా కట్టుకోవాలి?

హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్నారు, ఆదివారాలు చెరువు గట్టున గాలం వేస్తారు. మడత చాకు, నోస్ ప్లయర్ ఎలా పెట్టుకుంటే నీళ్లపాలు కావు, తుప్పు పట్టవు అన్నది మీ ప్రశ్న.

ముందు జేబు క్లిప్పు మీద నమ్మకం వదిలేయండి. దాని పట్టు గుడ్డ మందం మీద ఆధారపడి ఉంటుంది. జీన్సును గట్టిగా పట్టుకున్న క్లిప్పే పల్చటి నైలాన్ షార్ట్స్ తడిసేసరికి జారుతుంది. పడవలో ఈ పక్క నుంచి ఆ పక్కకు మారేటప్పుడు అంచుకు రాసుకుని ఊడొస్తుంది కూడా. అయినా చాకులు ఎక్కువగా పోయేది జేబులోంచి కాదు, తీసి తెరిచేటప్పుడు తడి వేళ్లలోంచి. కాబట్టి తెరవక ముందే దానికి తాడు ఉండాలి, ఆ తాడు మీ ఒంటి మీదే ఉండాలి. పడవకు కట్టిన చాకు పడవ బోల్తా పడ్డప్పుడు అందదు. చాకుతో అసలు పని పడేది అప్పుడే.

లైఫ్ జాకెట్ మీద, ఛాతీ దగ్గర, ఏ చేత్తోనైనా అందేచోట కట్టండి. జిప్ లాగే బిళ్లకు కట్టొద్దు, విరిగిపోతుంది. కుట్టిన పట్టీకే కట్టాలి. 3 మి.మీ. నైలాన్ తాడు చాలు, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో మీటరు లెక్కన కోసిస్తారు. పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు తేలుతుంది గానీ నున్నగా ఉండి ముడి వదిలేస్తుంది. నూలు తాడు కుళ్లుతుంది. పొడవు ఇలా చూసుకోండి: ఒక కొస జాకెట్‌కు పెట్టి, చాకు పట్టుకుని చెయ్యి పూర్తిగా చాచి, పైన నాలుగు వేళ్లంత వదులు ఇవ్వండి. చాలామందికి 75–85 సెం.మీ. దగ్గర తేలుతుంది. పొట్టిగా ఉంటే కోసేటప్పుడు వెనక్కి లాగుతుంది, పొడవైతే కాళ్లకీ తెరచాప తాళ్లకీ చుట్టుకుంటుంది. పని లేనప్పుడు మడిచి రబ్బరు బ్యాండు వేసి జేబులో ఉంచండి. మణికట్టుకు మాత్రం ఉచ్చు వేసుకోవద్దు. ఆ తాడు ఎక్కడైనా చిక్కుకుంటే చెయ్యి కూడా అక్కడే ఇరుక్కుంటుంది.

జాకెట్ వైపు బౌలైన్ ముడి (లాగినా ఉచ్చు బిగుసుకోని ముడి) వేసి, కొస 5–6 సెం.మీ. మిగల్చండి. నైలాన్ తడిస్తే సాగుతుంది కాబట్టి ముడిని తడిపి లాగి బిగించాలి. కోసిన కొసను లైటర్‌తో కరిగించండి, కరిగినదాన్ని వేళ్లతో నొక్కకండి, చర్మానికి అంటుకుని కాలుతుంది. స్విస్ తరహా చాకులకు వచ్చే సన్నటి కీ రింగే అన్నిటికంటే బలహీనం. లాగుడు పడితే చుట్లు విడిపోతాయి. అది తీసేసి, దాన్ని తగిలించిన కొక్కెంలోంచే తాడు దూర్చండి. తాడు కొసలకు తగిలించడానికి రెండు స్ప్రింగ్ కొక్కేలు కొన్నా అయస్కాంతం పెట్టి చూసుకోండి. గట్టిగా అంటుకుంటే చాలావరకు పూత వేసిన ఇనుమే, తుప్పు పడుతుంది.

టెలిఫోన్ వైరులా చుట్టలు తిరిగిన సాగే తాళ్లు ప్లయర్‌కు బాగుంటాయి, చాకుకు వద్దు. తెరిచిన చాకు చేజారితే ఆ తాడు దాన్ని సూటిగా మీ పొట్ట మీదికే లాక్కొస్తుంది. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

చాకు తేలేలా బెండు కట్టాలనుకుంటే లెక్క వేసుకోండి. 100 గ్రాముల చాకు అంతా స్టీలే అనుకుంటే దాని పరిమాణం 13 మి.లీ., నీళ్లలో 87 గ్రాములు తూగుతుంది. సీసా బిరడా బెండు ఒకటి సుమారు 15 గ్రాములే మోస్తుంది, అంటే ఆరు కావాలి. ఒకే బెండు కట్టి ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. ఇంట్లో బకెట్‌లో వేసి చూశాకే బయటికి తీసుకెళ్లండి. హుస్సేన్ సాగర్ అడుగు బురద, పడింది మళ్లీ దొరకదు.

పడవ మీదికి మొన తేలిన చాకు కంటే మొద్దు మొన ఉన్నది మంచిది, అంచులో సగమైనా రంపపు పళ్లుండాలి. తడి తాడు నున్నటి అంచు మీద జారుతుంది, పళ్లు దాన్ని పట్టుకుని కోస్తాయి. బిగిసి ఉన్న తాడు కోసేటప్పుడు దాని వరుసలో మొహం పెట్టకండి, తెగిన కొస కొరడాలా వస్తుంది.

ఇక తుప్పు. స్టెయిన్‌లెస్ కూడా పడుతుంది, అదీ కీలు దగ్గర, నీళ్లు నిలిచేచోట. మన చెరువుల్లో ఉప్పు లేదు కాబట్టి హెచ్1 లాంటి ఖరీదైన స్టీలు అక్కర్లేదు, సూర్యలంక, విశాఖ తరచూ వెళ్లేవాళ్లకు అది పనికొస్తుంది. డి2 అనే స్టీలుతో చేసిన చాకు మాత్రం కొనొద్దు, తడి తగిలితే మచ్చలు పడుతుంది. ఇంటికి రాగానే చాకు తెరిచి సబ్బు, మంచినీళ్లతో కడిగి, కీలులో నీళ్లు విదిలించి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. కొబ్బరి నూనె వద్దు, డిసెంబర్ చలికి గడ్డకట్టి కీలు బిగుసుకుంటుంది. తోలు ఒర నీళ్లు పీల్చి రోజుల తరబడి వదలదు, అడుగున కన్నం ఉన్న ప్లాస్టిక్ ఒర తీసుకోండి. సాగర్‌లో మురుగు కలుస్తుంది కాబట్టి అక్కడ చెయ్యి తెగితే వెంటనే శుభ్రమైన నీళ్లతో కడిగి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి. చాకుతో మెట్రోలో వెళ్లొద్దు, స్టేషన్‌లో స్కానింగ్ దగ్గర ఆపొచ్చు.

చాలా ప్లయర్లకు తాడు కట్టే కన్నం ఉండదు. ఒక పిడి మీద తాడు ఉచ్చును పొడవుగా పడుకోబెట్టి, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ పది పన్నెండు చుట్లు చుట్టండి. మామూలు కరెంటు టేపు జిగురు తడికి వదిలేస్తుంది. చుట్టాక ఒకసారి ప్లయర్ పూర్తిగా మూసి చూడండి, టేపు మందం అడ్డొస్తే ఉచ్చును పిడి చివరి వైపు జరపండి.