సంగీత సందేహాలు: షడ్జం కదిలిపోయే పాట

ప్రశ్న: చిన్నప్పుడు నేను కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. మా అమ్మాయి ఇప్పుడు కీబోర్డ్ నేర్చుకుంటోంది. వాళ్ల మాస్టారు ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’ అనే జాజ్ పాట ఇచ్చారు. వినడానికి హాయిగా ఉంది గానీ, ఏ స్వరాన్ని షడ్జంగా (ఆధార స్వరమైన ‘స’గా) పట్టుకున్నా కాసేపటికి అది నిలవడం లేదు. ఈ పాట చరిత్ర ఏమిటి? ఇందులో శ్రుతి నిజంగానే మారుతోందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. ఈ 36 బార్ల (బారు అంటే తాళపు లెక్కలో ఒక చిన్న విభాగం) పాటలో ఎ ఫ్లాట్ (ఫ్లాట్ అంటే ఆ స్వరానికి వెంటనే కింద ఉన్న మెట్టు), సి, ఇ ఫ్లాట్, జి, ఇ అనే అయిదు స్వరాలు వంతులవారీగా షడ్జం స్థానంలోకి వస్తాయి.

ముందుగా చరిత్ర. ఇది జాజ్ కోసం పుట్టిన పాట కాదు. జెరోమ్ కెర్న్ స్వరపరచగా ఆస్కార్ హామర్‌స్టీన్ సాహిత్యం రాసిన ‘వెరీ వార్మ్ ఫర్ మే’ అనే సంగీత నాటకంలోది. న్యూయార్క్‌లోని ఆల్విన్ థియేటర్‌లో 1939 నవంబరు 17న మొదలైన ఆ నాటకం 59 ప్రదర్శనలతోనే ఆగిపోయింది. న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే కోసం కెర్న్ కొత్తగా కూర్చిన చివరి నాటకం అదే. నాటకం మరుగున పడినా ఆర్టీ షా, టామీ డోర్సీ బృందాల రికార్డుల ద్వారా పాట మాత్రం జనంలోకి వెళ్లింది.

ఇక మీ అసలు సందేహం. రాగమాలికలో షడ్జం కదలదు, రాగాలు మారుతాయి. ఈ పాటలో జరిగేది దానికి తిరగబడిన పని: శంకరాభరణం స్వరాలతో సరిపోలే మేజర్ స్కేలు అదే ఉంటుంది, దానికి ఆధారమైన షడ్జమే చోటు మారుతుంది. దీన్ని గ్రహభేదం అనడానికీ వీల్లేదు. గ్రహభేదంలో స్వరస్థానాలు అవే ఉండి, షడ్జం మారినందువల్ల వేరే రాగం పుడుతుంది, ఇక్కడైతే షడ్జంతోపాటు కొత్త స్వరస్థానాలు కూడా వచ్చి చేరుతాయి. తంబురా నాదానికి అలవాటు పడిన చెవికి ఇది మొదట్లో ఇబ్బందిగా తోచడం సహజం.

అయినా ఈ మార్పు దూకినట్టు వినిపించదు. పాట ఎఫ్ మైనర్ కార్డ్‌తో (కార్డ్ అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు) మొదలై బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్ మీదుగా సాగుతుంది. వీటిలో ప్రతి కార్డ్ మూలస్వరమూ దాని ముందుదానికి శుద్ధ మధ్యమం (శంకరాభరణంలోని ‘మ’) అవుతుంది కాబట్టి వరుస తనంతట తానే నడిచినట్టు ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క అరస్థానం (పక్క మెట్టుకు) పైకి జరిగి, డి, జి కార్డ్‌ల ద్వారా సి మేజర్‌లో నిలుస్తుంది. రెండో ఎనిమిది బార్లలో ఇదే బాణీ ఇ ఫ్లాట్ నుంచి జి వరకు మళ్లీ నడుస్తుంది. చాలాచోట్ల గాత్రం పలికే స్వరం ఆ కార్డ్‌కు గాంధారమే (‘గ’) కావడం వల్ల, కింద ఎంత మారినా పాడేవారికి పట్టు తప్పదు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే చోటు మూడో భాగం (మూడో ఎనిమిది బార్లు) చివర వస్తుంది. అక్కడ పాట ఇ మేజర్‌లో ఆగుతుంది. గాత్రం పట్టి ఉంచే స్వరం జి, ఎ మెట్ల మధ్యనున్న నల్లమెట్టు. ఇ షడ్జమనుకుంటే అది అంతర గాంధారం (పై ‘గ’). ఆ స్వరం అలాగే నిలిచి ఉండగా కింద సి ఆగ్మెంటెడ్ (పంచమం అరస్థానం పెరిగిన) కార్డ్ వచ్చి, దాని వెంట మొదటి ఎఫ్ మైనర్ తిరిగి వస్తుంది. ఎఫ్ షడ్జమైనప్పుడు అదే మెట్టు సాధారణ గాంధారం (కింది ‘గ’), పాట ఎత్తుగడ స్వరం కూడా అదే. మెట్టు కదలకుండానే దాని కింది నేల మారిపోయింది. ఇంత దూరం తిరిగిన పాటను ఒకే ఒక్క స్వరంతో ఇంటికి చేర్చడం కెర్న్ ప్రతిభకు గొప్ప నిదర్శనమని నా అభిప్రాయం. చివరి భాగం మామూలుగా ఉండే ఎనిమిది బార్లకు బదులు పన్నెండు బార్లు సాగుతుంది. అందులో మంద్రస్వరం డి ఫ్లాట్ నుంచి బి ఫ్లాట్ వరకు అరస్థానం చొప్పున దిగడం కూడా శ్రద్ధగా వినదగినది.

ప్రశ్న: జాజ్ వాద్యకారులు బాణీని వదిలేసి వాయిస్తున్నప్పుడు అది అదే పాట ఎలా అవుతుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బాణీ వదిలినా కార్డ్‌ల వరుసనూ బార్ల లెక్కనూ వారు వదలరు. పైన చెప్పిన పాటనే చూడండి. జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ 1947లో దాని కార్డ్‌ల మీద ‘బర్డ్ ఆఫ్ పారడైజ్’ రికార్డు చేశాడు. అంతకు రెండేళ్ల ముందు ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీతో కలిసి అతను ఈ పాటను వాయించినప్పుడు చేర్చిన ఉపోద్ఘాతాన్ని నేటికీ చాలా బృందాలు వాయిస్తాయి. పోల్చి వినాలనుకుంటే, ముందు ఒక గాయని పాడిన రికార్డుతో కార్డ్‌ల వరుసను మనసులో నిలుపుకొని, ఆ తరువాత పార్కర్ రికార్డు వింటూ లోలోపల అసలు బాణీని పాడుకోండి. మూడో భాగం చివరి మలుపు దగ్గర రెండూ కలుస్తున్నాయో లేదో గమనించండి.