పర్యావరణ శాస్త్రం చదవబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రంలో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఉద్యోగమంతా నీటి పరీక్షల ల్యాబులోనే గడిపినవాడిని కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు నీకు రాయాలనిపించింది.

సుస్థిరాభివృద్ధి అన్న మాట మొదటి రోజు నుంచే వింటావు. 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదిక, అంటే ఐక్యరాజ్యసమితి వేసిన కమిషన్ నివేదిక, ఇచ్చిన నిర్వచనం నేర్చుకో, పరీక్షకు పనికొస్తుంది. అయితే ఈ చదువు నిజంగా ఒంటబట్టాలంటే, చేరిన కొత్తలోనే ఒక చెరువునో కాలువనో ఎంచుకుని, రెండేళ్లూ దాన్ని వదలకుండా పట్టుకోవాలి. మనకు కొల్లేరు సరస్సు దగ్గరే ఉంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. వలస పక్షుల మేత, లంక గ్రామాల బతుకుతెరువు, వరద నీటి దారి, చట్టం అన్నీ ఒకే చోట ఎదురుపడే అలాంటి సరస్సును చూడకుండా ఈ విషయం మీద వ్యాసాలు రాయడం నాకెప్పుడూ నచ్చలేదు.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను నీ చేతులతో కొలవడం నేర్చుకో. గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా సీసా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆపైన క్షార అయొడైడ్ కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే అది తెల్లగానే ఉంటుంది. ఇంతవరకు గట్టు మీదే పూర్తి చేయాలి, ల్యాబుకు తెచ్చాక చేద్దామంటే కుదరదు. ఏ వేళకు కొలిచావన్నది అంతకన్నా ముఖ్యం. నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రి అదే నాచు ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, రైతులు నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేస్తారు. మధ్యాహ్నం రెండింటికి తీసిన ఒక్క అంకె చూసి ఆ నీరు బాగుందని ఎవరు రాసినా నమ్మకు.

1974 నీటి చట్టాన్ని, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని మూలంలోనే చదువు. పర్యావరణ ప్రభావ అంచనాపై వచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఏదైనా కొత్త ప్రాజెక్టుపై జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు ఒక్కసారైనా వెళ్లి, వెనక వరుసలో కూర్చుని, ఊరివాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకో. తర్వాత ఆ ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక తెరిచి, నమూనాలు ఏ నెలలో, ఎక్కడ తీశారో చూస్తే, వాళ్లు అడిగినవాటిలో వేటికి జవాబు ఉందో, వేటికి లేదో నీకే తెలుస్తుంది.

గణాంకశాస్త్రాన్ని నిర్లక్ష్యం చేయకు. కంప్యూటర్‌లో పటాలు గీసి విశ్లేషించే జీఐఎస్ కూడా నేర్చుకుంటే ఉద్యోగానికి అక్కరకొస్తుంది. ప్రాజెక్టుకు గైడును ఎంచుకునేటప్పుడు, ఆయన ఎన్ని పత్రాలు ప్రచురించారన్నదాని కన్నా విద్యార్థులను వెంటబెట్టుకుని క్షేత్రానికి వెళ్తారా లేదా అన్నది సీనియర్లను అడిగి తెలుసుకో.

ఇట్లు,
నీ మామయ్య