టెక్ సందేహాలు: తాళం గుర్తు ఉంటే అసలు సైటేనా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ దర్శనం టికెట్ల గురించే. అందుకని వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను, మిగతావాళ్లు కాస్త సర్దుకోవాలి.

"బెంగళూరు నుంచి మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారని 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం గూగుల్‌లో వెతికాను. అన్నిటికంటే పైన వచ్చిన సైట్ తెరిస్తే స్వామివారి ఫొటో, గోపురం, అడ్రస్ పక్కన తాళం గుర్తు అన్నీ ఉన్నాయి. అందరి ఆధార్ నంబర్లూ ఇచ్చేశాను. డబ్బు కట్టే దగ్గర ఎవరో ఒక మనిషి పేరుతో క్యూఆర్ కోడ్ వచ్చేసరికి అనుమానమొచ్చి ఆపేశాను. ముందే ఎలా గుర్తుపట్టాలి? ఇచ్చేసిన ఆధార్ సంగతేంటి?"
గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

ఆపేసి మంచి పని చేశారు. టీటీడీకి కట్టే డబ్బు ఏ వ్యక్తి సొంత యూపీఐ ఖాతాకూ వెళ్లదు.

ముందు ఆ తాళం సంగతి. మీ బ్రౌజర్‌కూ ఆ సైట్‌కూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరు అన్నంతవరకే దాని అర్థం. అవతల ఉన్నది దేవస్థానమా, దొంగా అన్నది అది చెప్పదు. ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్ దొంగలకూ ఉచితంగానే దొరుకుతుంది. తాళం చూసి జనం అతిగా నమ్ముతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ బొమ్మనే తీసేసింది.

చూడాల్సింది అడ్రస్‌ను, అదీ వెనక నుంచి. మన ఇంటి చిరునామాలో ఊరూ జిల్లా చివర వచ్చినట్టే, వెబ్ అడ్రస్‌లోనూ అసలు యజమాని ఎవరో చివరే తెలుస్తుంది. మొదట్లో 'https' పక్కనుండే రెండు ఏటవాలు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న ముక్క చూడండి. టికెట్లు ఇచ్చే సైట్ 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' (ttdevasthanams.ap.gov.in). రెండు టీల వెంటనే దేవస్థానమ్స్, మధ్యలో ఖాళీ ఉండదు. 'గవ్ డాట్ ఇన్' అన్న తోక ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. టీటీడీ, తిరుమల, బాలాజీ, దర్శన్ అన్న మాటలు ఎలాగోలా కలిపి, చివర డాట్ కామో డాట్ ఆర్గో తగిలించి ఒక పేరు కొనుక్కోవడం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. ఇంకో ఎత్తు కూడా ఉంది. అసలు పేరంతా ముందు రాసి, 'గవ్ డాట్ ఇన్' తర్వాత మరో చుక్క పెట్టి వాళ్ల పేరు అతికిస్తారు. వాట్సాప్‌లో వచ్చిన లింకులో మన కన్ను మొదటి సగంతోనే తృప్తిపడిపోతుంది. వెనక నుంచి చదవమన్నది అందుకే.

గూగుల్‌లో అన్నిటికంటే పైన వచ్చింది కాబట్టి అసలుదే అనుకోవద్దు. 'స్పాన్సర్డ్' అని సన్నగా రాసి ఉంటే ఎవరో డబ్బు కట్టి అక్కడ పెట్టించుకున్న ప్రకటన అని అర్థం. పైన చెప్పిన టీటీడీ అసలు అడ్రస్‌ను ఒక్కసారి చేత్తో టైప్ చేసి, బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసిపెట్టుకోండి. కోటా విడుదలయ్యే ఉదయం టెన్షన్‌లో వెతుక్కునే పని తప్పుతుంది. నా లెక్కలో యాంటీవైరస్ కొనడం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. టికెట్ దొరకలేదా, తిరుపతిలో ఉన్నవాళ్లకు శ్రీనివాసం, విష్ణునివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే ఉచిత టైమ్‌స్లాట్ టోకెన్లు ఉండనే ఉన్నాయి. ఏజెంటుకు వేలు పోయడం ఎందుకు?

ఇక ఆధార్. నంబరు తెలిసినంత మాత్రాన ఖాతాలో డబ్బు తీయలేరు, ఆధార్‌తో డబ్బు తీయాలంటే వేలిముద్రలాంటివి కావాలి. అయినా ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మీకు అవసరమైనప్పుడు ఆ లాక్ తీసుకోవచ్చు. మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపించే జాబితా కూడా ఆధార్ సైట్‌లో ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖ నడిపే 'సంచార్ సాథీ' పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, మీవి కానివాటిపై అక్కడే ఫిర్యాదు చేయండి. ఆడపడుచు వాళ్లకూ చెప్పండి, మొహమాటపడితే కుదరదు.

"పీఎం కిసాన్ డబ్బు ఆగిపోయింది, ఈ యాప్‌లో కేవైసీ చేసుకోండి అని మా చిన్నాయనకు తెలిసిన రైతు నంబరు నుంచే వాట్సాప్‌లో ఫైలు వచ్చింది. ఆయన నొక్కేశాడు. ఇప్పుడు ఆయన ఫోన్ నుంచి అందరికీ అదే ఫైలు పోతోంది. ఏం చేయాలి?"
డిగ్రీ విద్యార్థి, పలమనేరు

తెలిసినవాళ్ల నంబరు నుంచి రావడమే ఇందులో కిటుకు. ఆ రైతు పంపలేదు, ఆయన ఫోన్‌లో దూరిన యాప్ పంపింది. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది ఫొటో కాదు, ఫారం కాదు, ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అంటూ వేషాలు మారతాయి. లోపలికి వచ్చాక ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఓటీపీలు వచ్చేది అక్కడికే కదా.

వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి ఒక మామూలు బటన్ ఫోన్‌లో వేయండి. ఇకపై వచ్చే ఓటీపీలు ఆ యాప్ కంటబడవు. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, కార్డు ఆపించండి. బ్యాంకు నంబరు ఏటీఎం కార్డు వెనకో పాస్‌బుక్ మీదో చూసుకోండి. 'కస్టమర్ కేర్' అని గూగుల్‌లో వెతికితే అక్కడ ఇంకొకడు కాచుకుని ఉంటాడు. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటేలోపు ఫిర్యాదు అందితే ఆపే అవకాశం ఉంటుంది. లావాదేవీ తాలూకు 12 అంకెల యూపీఐ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆర్‌బీఐ 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకుకు మనం చెప్పిన తర్వాత పోయిన డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. అందుకే ఇంట్లో తిడతారని చిన్నాయన రెండు రోజులు దాచిపెడితే నష్టం ఆయనకే.

ఇవన్నీ అయ్యాకే ఫోన్ బాగుచేసే పని. సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ', 'డివైస్ అడ్మిన్' రెండు చోట్లా కొత్త యాప్ పేరుంటే ఆఫ్ చేసి, ఆపై యాప్ తీసేయండి. అది మొండికేస్తే ఫొటోలు వేరేచోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. వాట్సాప్‌కు 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అనుమతి ఆఫ్‌లో ఉంచండి. మళ్లీ ఎవరైనా పీఎం కిసాన్ పేరెత్తితే లింకు నొక్కొద్దు, ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి నడిచి వెళ్లి అడగమనండి.

"నాది డీటీపీ, జిరాక్స్ షాపు. విండోస్ 10 అప్‌డేట్లు ఆగిపోతున్నాయని మెసేజ్ వస్తోంది. విండోస్ 11 వేద్దామంటే మా సిస్టం పనికిరాదంటోంది. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, అనూ తెలుగు ఫాంట్లు పోతాయేమోనని భయం. పైగా కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతున్నాయి."
షాపు యజమాని, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే పథకం ఒకటి పెట్టారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు వీడియోల్లో కనిపిస్తాయి గానీ, వ్యాపారం నడిచే సిస్టం మీద ఆ ప్రయోగాలు వద్దంటాను.

మీకు నా సలహా వేరు. అనూ, పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటర్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ వైరు పీకేయండి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు దాని మీదే చేసుకోండి. నెట్, వాట్సాప్, బ్యాంకు పనులకు మాత్రం విండోస్ 11 ఉన్న సిస్టం ఒకటి చూసుకోండి. సెకండ్‌హ్యాండ్‌దైనా చాలు, హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉంటే వేగం తేడా మీకే తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు పోలేదు. వైరస్ వాటిని దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే వైరస్ మీ సిస్టంలోకి వచ్చేస్తుంది. ముందు విండోస్ డిఫెండర్‌తో స్కాన్ చేసి, 'వ్యూ' మెనూలో 'హిడెన్ ఐటెమ్స్' టిక్ పెట్టండి. అసలు ఫోల్డర్లు చాలాసార్లు అక్కడే కనిపిస్తాయి. వాటిని కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లన్నీ ముందు నెట్ సిస్టంలో పెట్టి స్కాన్ చేశాకే డీటీపీ సిస్టంకు తీసుకెళ్లండి.

"యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ల కోసం ఆధార్, సర్టిఫికెట్లు షాపు వాట్సాప్ నంబరుకు పంపుతుంటాం. తర్వాత 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొడితే సరిపోతుందా?"
పీజీ విద్యార్థిని, తిరుపతి

సరిపోదు. వాళ్ల కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ అయిన కాపీ అక్కడే ఉంటుంది. ప్రింట్ తీశాక వాళ్ల ముందే డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనండి. అడగడానికి సిగ్గుపడొద్దు. ఆధార్ అవసరమైన చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని 'మాస్క్‌డ్ ఆధార్' ఇవ్వొచ్చు, అది ఆధార్ సైట్‌లోనే దొరుకుతుంది. అక్కడి కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, ఫోన్‌లో 'లింక్డ్ డివైజెస్' చూసి లాగౌట్ చేసి కదలండి.

"రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. పాస్‌వర్డులు డైరీలో రాసుకుంటే మా మనవడు నవ్వుతున్నాడు. ముందుగా ఏవి నేర్చుకోవాలి? తెలుగు టైపింగ్ ఎలా?"
విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

మీ మనవణ్ని నవ్వనివ్వండి మాస్టారూ. ఇంట్లో బీరువాలో ఉండే డైరీని నెట్‌లోని దొంగ చదవలేడు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. ఏటీఎం, యూపీఐ పిన్‌లు మాత్రం అందులో రాయకండి. మన వైపు చాలామంది గోవింద, బాలాజీ, శ్రీనివాస పక్కన 123 చేర్చి పాస్‌వర్డ్ అంటారు. అది భక్తే గానీ భద్రత కాదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. పొడుగ్గా ఉంటుంది, మీకు గుర్తూ ఉంటుంది. ఈమెయిల్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో ధ్రువీకరణ అడిగే 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టించుకోండి, ఆ పని మనవడికే అప్పగించండి.

ముందు నేర్చుకోవాల్సింది కంట్రోల్, జెడ్ కలిపి నొక్కడం. పొరపాటున చెరిపేసింది చాలావరకు వెనక్కి వస్తుంది, ఇది వచ్చాక కీబోర్డంటే భయం సగం పోతుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్, ఎల్ కలిపి నొక్కితే తెర లాక్ అవుతుంది. తెలుగుకు సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్'లోకి వెళ్లి తెలుగు భాష చేర్చి, దాని ఆప్షన్లలో 'ఫొనెటిక్' కీబోర్డు ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడుతుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే మళ్లీ ఇంగ్లిష్‌కు మారుతుంది.