చిన్న ఊళ్ళ ఎన్నికల్లో ప్రతిసారీ 'కౌంటింగ్‌లో మోసం' అంటారు, నిజంగా అంత కుట్ర జరుగుతుందా?

మోసం జరుగుతుంది, కానీ జనం వేలెత్తి చూపించే చోట మాత్రం కాదు. ఓడిపోయినాయన ఎప్పుడూ అధికారుల్నే ఎందుకు తిడతాడంటే, చుట్టాల్ని తిడితే రేపు పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని తినలేడు. అంతే సంగతి.

మాది మదనపల్లె దగ్గర ఒక పెద్ద పంచాయతీ. నేనుండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. 2021 ఫిబ్రవరిలో మా చిన్నాయన సర్పంచికి నిలబడ్డాడు, కత్తెర గుర్తు. ఉంగరం గుర్తాయన కూడా బయటి మనిషేం కాదు, మా మేనత్త కొడుకుకి బావమరిది. బెంగళూరులో ఉన్న ఊరి ఓటర్ల కోసం ఇద్దరూ చెరో బస్సు పెట్టారు. మా బస్సులో మేస్త్రీలు, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు. చింతామణిలో రాత్రి భోజనం కూడా చిన్నాయన ఖర్చే.

పొద్దున ఆరున్నరకి మొదలైన పోలింగ్ మధ్యాహ్నం మూడున్నరకి అయిపోయింది. నాలుగింటి నుంచి స్కూల్లోనే కౌంటింగ్. సర్పంచి బ్యాలెట్లు గులాబీ రంగు, వార్డు మెంబర్లవి తెలుపు. వాటిని వేరుచేసి కట్టలు కట్టేసరికే చీకటి పడింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. లోపల మా ఏజెంటు మా బావే. "ఎవరూ బల్ల మీద చేతులు పెట్టకండి" అని ఆఫీసరు అరిచాడట, అందరూ సెల్‌ఫోన్ లైట్లు వేశారట. కరెంటు వచ్చాక చూస్తే చిన్నాయన 7 ఓట్లతో ఓడిపోయాడు. మళ్ళీ లెక్కపెట్టమని రాసిస్తే పెట్టారు. మళ్ళీ అదే 7.

అర్ధరాత్రికి మా ఇంటి ముందర కథలే కథలు. లైన్‌మన్ ఉంగరం వాళ్ళ మనిషని ఒకరు. చెల్లని ఓట్లన్నీ కావాలనే కత్తెరవే తీసేశారని ఇంకొకరు. మా పెద్దత్తయితే "మిషన్లో ఏందో చేసినారు" అని ఒకటే ఏడుపు. అమ్మా, పంచాయతీకి మిషనే లేదు, అన్నీ కాగితాలే అని చెబితే వినదే! పెట్టె తెరిచినప్పుడు ఎన్ని కాగితాలున్నాయో కరెంటు వచ్చాక కూడా అన్నే ఉన్నాయని బావ ఒట్టేసి చెప్పాడు. "నువ్వు కునుకు తీసుంటావులేరా" అనేశారు.

చివరికి అది మా బెంగళూరు వాళ్ళ మీదికి తిరిగింది. ఉంగరం బస్సులో వచ్చినోళ్ళు అక్కడా ఓటేసి ఇక్కడా వేశారంట, సిరా చెరుపుకోను ఏదో మందుందంట! ఆ సిరా 1962 నుంచి తయారయ్యేదే మా కర్ణాటకలో, మైసూరులో. అందులో ఉండే సిల్వర్ నైట్రేట్ చర్మానికి పట్టిందంటే గోరు పెరిగి పోవాల్సిందే. అయినా బెంగళూరులో మేం ఓటేసేదెక్కడ? కార్పొరేషన్ ఎన్నికలు 2015లో జరిగాయి, 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్పొరేటరే లేడు. 2025లో ఊరిని ఐదు కార్పొరేషన్లు చేశారు. మా వీధిలో గుంత మాత్రం ఎన్ని ముక్కలు చేసినా అక్కడే ఉంది. ఎవర్ని అడగాలో తెలీదు. ఊళ్ళో అయితే సర్పంచి ఇంటిముందు నిలబడి అరవొచ్చు.

అసలు విషయం తిరుగు ప్రయాణంలో బయటపడింది. హోస్కోటె దాటాక నా పక్క సీట్లో ఉన్న మా దగ్గరి చుట్టం, ఓటు ఎవరికేశావని నేను అడక్కుండానే, "బస్సు మీది అబ్బయ్యా, ఓటు మాది" అన్నాడు. రెండేళ్ళ కింద గట్టు తగాదాలో చిన్నాయన తన పక్కన మాట్లాడలేదని కోపమంట. వాళ్ళింట్లో నాలుగు ఓట్లు. ఆ నాలుగూ ఇటు పడుంటే తేడా 8 మారేది, చిన్నాయన ఒక్క ఓటుతో గెలిచేవాడు. లైన్‌మన్ పాపం ఏ తప్పూ చేయలేదు. నేను ఇది ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. చిన్నాయనకి లోలోపల తెలుసనే నా నమ్మకం. అందుకే కరెంటు మాట అంత గట్టిగా పట్టుకున్నాడు.

కాబట్టి అనుమానం ఉంటే ఏజెంటుగా నిద్రపోని మనిషిని పెట్టుకోండి. ఇచ్చిన బ్యాలెట్లెన్ని, పెట్టెలో తేలినవెన్ని అనేది రాసుకోమనండి. ఆ లెక్క సరిపోతే ఇక కౌంటింగ్‌ని వదిలేయండి.

మీకు మోసం చూడాలని ఉంటే నామినేషన్ల ముందు వారం ఊళ్ళో ఉండండి. మా దగ్గర రెండు వార్డుల్ని గుడి దగ్గర వేలం వేశారు. ఎక్కువ పాడినాయనకి ఏకగ్రీవం, మిగతావాళ్ళు పోటీకి దిగకూడదని మాట. పట్టపగలు, అందరి ముందర. దానిమీద ఒక్కరూ అనుమానపడలేదు. ఆ డబ్బుతో గుడికి ప్రహరీ కట్టారు. పాట పాడించినవాళ్ళలో మా చిన్నాయన కూడా ఉన్నాడు.