ఆదివారపు ఉత్సాహం సోమవారానికి నిలవనప్పుడు

ఆదివారం ఆరాధనలో ఉండే ఉత్సాహం సోమవారం పనిలోకి వెళ్లేసరికి మిగలడం లేదని, మీరు వేడీ చల్లదనమూ లేని నులివెచ్చని విశ్వాసిగా మారిపోయారేమోనని భయంగా ఉందని, వారమంతా నిండు మనసుతో జీవించడం ఎలాగని అడిగారు. కార్యాలయంలో లెక్కలు సరిచూసే ఉద్యోగం చేస్తూ ఇదే భయాన్ని చాలా కాలం మోసినవాణ్ణి కాబట్టి, నాకు ఉపయోగపడినవి మాత్రమే రాస్తున్నాను.

లవొదికయ సంఘానికి రాసిన లేఖను (ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం) నులివెచ్చదనం గురించిన వచనం దగ్గర ఆపకుండా చదవమని కోరుతాను. ఆ వెంటనే వచ్చే 17వ వచనంలో ప్రభువు వారిమీద మోపిన నేరం, పాటల్లో ఉత్సాహం తగ్గిందని కాదు. తాము ధనవంతులమనీ తమకేమీ కొదువ లేదనీ వారు చెప్పుకుంటున్నారని. తనకు కొదువ ఉందని బాధపడుతూ ప్రశ్న అడిగే మనిషి ఆ స్థితిలో లేడని నా అభిప్రాయం. భావోద్వేగం విశ్వాసానికి కొలమానం కాదనడానికి మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ జీవితం కూడా సాక్ష్యమే. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూడికలో తన హృదయం వింతగా వెచ్చబడిందని రాసుకున్న ఆయనే, 1739 జనవరిలో తాను ఇంకా క్రైస్తవుణ్ణి కానని రాసుకున్నాడు. అయినా అదే సంవత్సరం ఏప్రిల్‌లో బ్రిస్టల్‌లో ఆరుబయట బోధించడం మొదలుపెట్టి, 1791లో మరణించేవరకు ఆ సేవలో కొనసాగాడు.

నిండు మనసు అంటే జీవితంలో ఏ భాగాన్నీ దేవునికి కనబడకుండా పక్కన పెట్టుకోకపోవడమని నేను అర్థం చేసుకున్నాను. దీనికి మొదటి పరీక్ష పనిలోనే ఎదురవుతుంది. ఏమి చేసినా మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23లో పౌలు చెప్పింది బోధకులకు కాదు, తమ పనిని తామే ఎంచుకునే స్వేచ్ఛ కూడా లేని దాసులకు. ఈ సంగతి తెలిశాక, నా ఉద్యోగం ఆత్మీయమైనది కాదనే ఫిర్యాదు నాకు నిలబడలేదు. ఎవరూ తిరిగి చూడని బిల్లును సైతం చివరి వరుస దాకా సరిచూడడం, లెక్క అనుకూలంగా మార్చమని పైవారు సూచించినప్పుడు మర్యాదగానే కాదనడం నా ఆరాధనలో భాగమయ్యాయి. ఇందులో పులకింత ఏమీ ఉండదు. కొన్నిసార్లు భోజన సమయంలో పక్కన కూర్చునేవారు తగ్గుతారు కూడా.

పనికన్నా కష్టమైనది సమాధానపడడం. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినవాడికి, సహోదరునికి తనమీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని యేసు మత్తయి 5:23, 24లో ఆజ్ఞాపించాడు. నాకు ఎదురుపడడానికి ఇష్టపడని ఒక బంధువు ఇంటికి నేనే వెళ్లిన తరువాత, అంతవరకు ఎంత ప్రయత్నించినా మాటలు రాని నా ప్రార్థనకు మళ్లీ మాటలు వచ్చాయి. ఆ బంధువు పూర్తిగా మెత్తబడ్డాడని చెప్పలేను గానీ, వెళ్లడం నా వంతు.

ప్రార్థన విషయంలో నా అలవాటు చాలా సాదాసీదాగా ఉంటుంది. ఉదయం ఫోను ముట్టుకోకముందే ఒక కీర్తనను పైకి చదువుతాను. రోజుకొకటి చొప్పున 150 కీర్తనలు ఐదు నెలల్లో పూర్తవుతాయి. వరుసగా చదవడంలో ఒక మేలుంది: మన మనసుకు నచ్చినవాటినే ఏరుకునే వీలుండదు. ఇంట్లో అనారోగ్యంతో కుంగిపోయిన కాలంలో, చివరి మాట వరకు చీకటిలోనే ఉండిపోయే 88వ కీర్తన నాకు ఏ స్తుతి గీతం కన్నా ఎక్కువ తోడైంది, ఎందుకంటే దేవునితో అలా కూడా మాట్లాడవచ్చని అది చూపించింది. రోజంతా చిన్న చిన్న ప్రార్థనలు చేసుకోవడం, మీ స్థితిని దాచకుండా చెప్పుకోగల ఇద్దరు ముగ్గురు విశ్వాసులతో సహవాసం కూడా సాయపడతాయి.

శరీరాన్ని మాత్రం తక్కువగా చూడకండి. కర్మెలు పర్వతంమీద గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త, 1 రాజులు 19లో చావు కోరుకుంటూ చెట్టుకింద పడుకున్నప్పుడు, దేవదూత అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రెండుసార్లు లేపి భోజనం పెట్టాడు. మీ నిరుత్సాహంతోపాటు నిద్ర, ఆకలి కూడా వారాల తరబడి దెబ్బతిని ఉంటే, పాస్టర్‌తో మాట్లాడడంతోపాటు వైద్యుణ్ణి కూడా కలవండి. దానిని అవిశ్వాసమని ఎవరైనా అంటే పట్టించుకోనవసరం లేదు.