ఆడాక్స్, ఒరిక్స్: ఫోటోలో ఏది ఏదో ఇలా తేల్చుకోండి

రెండూ సహారా ఎడారి వైపు ఉండే తెల్లటి యాంటిలోప్‌లే (జింకల్లాంటి కొమ్ముల జంతువులు) కాబట్టి ప్రాజెక్టు చార్టులో ఫోటోలు కలిసిపోయాయన్నారు కదా, ముందు కొమ్ములు చూడండి. కొడవలిలా వెనక్కి వంగి ఉంటే ఒరిక్స్ (ఒరిక్స్‌లలో వేరే రకాలూ ఉన్నాయి, ఇక్కడ చెప్పేది ఈ కొడవలి కొమ్ముల రకం గురించే). స్క్రూలా మెలితిరిగి ఉంటే ఆడాక్స్. ఈ జంతువుల పిల్లల ఫోటో అయితే కొమ్ములతో తెలియదు. పెద్దవాటిలో ఇంకో గుర్తు, ఒరిక్స్ మెడ, ఛాతీ ఇటుక రంగులో ఉంటాయి. ఆడాక్స్ ముఖం మీద తెల్లటి మచ్చ, నుదుటిపై గోధుమరంగు జుట్టు కుచ్చు ఉంటాయి. దాని ఒళ్లు చలికాలంలో బూడిదరంగుకు తిరిగి, ఎండాకాలంలో దాదాపు తెల్లబడుతుంది. అందుకే రంగొక్కటే నమ్ముకోవద్దు.

ఇక ఒరిక్స్ అంతరించిందని ఒకచోట, లేదని మరోచోట ఉందన్నారు. రెండూ నిజమే, కాలమే వేరు. 2000లో ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో జాబితా వేసే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) దాన్ని సహజ ఆవాసంలో అంతరించిన జాతిగా ప్రకటించింది. 2016 నుంచి చాద్ దేశంలోని అభయారణ్యంలో, మనుషుల సంరక్షణలో పెరిగిన ఒరిక్స్‌లను వదులుతూ వచ్చారు. అక్కడే పిల్లలు పుట్టడంతో 2023లో హోదా మార్చి 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అన్నారు. ఈ వార్త నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఆడాక్స్‌ది ఇంకా కష్టమైన స్థితి, 'తీవ్ర ప్రమాదంలో ఉన్నది'. ఇసుకలో దిగబడకుండా దాని గిట్టలు వెడల్పుగా ఉంటాయి, కానీ వేగంగా పరుగెత్తలేదు. జీపుల్లో తుపాకులతో వచ్చే వేటగాళ్ల నుంచి తప్పించుకోలేదు. 2016లో నైజర్ దేశంలో జరిపిన సర్వేలో కనిపించినవి మూడే. చార్టులో ఈ సంఖ్యను పెద్ద అక్షరాలతో రాయండి.