గాడులు బాగున్నా తడి రోడ్డు మీద జారుతోందంటే టైర్ వయసు చూడండి

మీ 1992 మియాటా (మాజ్డా వారి చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) వానలో వెనక జారుతోందని, 205 మి.మీ. వెడల్పు టైర్లు వేయొచ్చా అని అడిగారు. జారడానికి టైర్ వెడల్పు చాలకపోవడం కారణం కాదనిపిస్తోంది. రబ్బరు గట్టిపడి ఉంటుంది. తక్కువగా తిరిగే కార్లలో గాడులు అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది.

చాలామంది వదిలేసే పని ఇదే: టైర్ పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, దానితో బండి తీయకండి.

బయటివైపు ఆ అంకెలు కనపడకపోతే లేవనుకోవద్దు. లోపలివైపు ఉంటాయి, టార్చి వేసి చూడాలి.

పదేళ్లు దాటితే గాడులు ఎంత లోతున్నా మార్చేయండి. కొత్తవి కొనేటప్పుడూ తేదీ చూడండి. పాత సైజులు గోడౌన్లలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి.

ఇక సైజు:

1. 14 అంగుళాల రిమ్ములే ఉంచితే 185/60 ఆర్14 వేయండి (వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు).
2. అందులో మంచివి దొరక్కపోతే 15 అంగుళాల రిమ్ములతో 195/50 ఆర్15. మొత్తం వ్యాసం 578కి బదులు 576 మి.మీ., స్పీడోమీటర్‌లో తేడా తెలియదు.
3. మీరు అడిగిన 205 వద్దు. మీ సన్నటి రిమ్ము మీద పక్కగోడలు ఉబ్బి, స్టీరింగ్ మొద్దుబారుతుంది. ఈ కారు అందమే స్టీరింగ్‌లో ఉంది, దాన్ని పాడు చేసుకోకండి.
4. నాలుగూ ఒకేసారి, ఒకే రకం. వెంటనే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి.

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా నడపండి, కొత్త రబ్బరు పైపొర అరిగాకే పట్టు వస్తుంది.